మేడారం వెళ్లిపోయిన ఆరో తరగతి

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేనొక తరగతిని పోగొట్టుకుంటాను. పెన్ను పోగొట్టుకున్న మాస్టర్లను మీరు చూసే ఉంటారు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికినవాళ్లనూ చూసి ఉంటారు. పట్టపగలు, పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దమనిషి కళ్లెదుట, ముప్పై నలుగురు పిల్లల్ని, అదీ వాళ్లచేత చక్కటి ఇంగ్లీషులో చెప్పించి మరీ పోగొట్టుకున్న మాస్టరును మాత్రం చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఇన్నేళ్లయినా ఆ పొద్దు గుర్తొస్తే నవ్వు తర్వాత వస్తుంది, ముందు చెమట పడుతుంది.

డెబ్బైల చివరి మాట. అప్పుడు నేను వరంగల్‌లో బి.ఇడి. చేస్తున్నాను. మాది రఘునాథపల్లి, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ట్రెయినింగు లేకుండానే మా ఊరి దగ్గరి ప్రైవేటు బడిలో రెండేళ్లు ఇంగ్లీషు చెప్పి, ఎవరో తనిఖీకి వచ్చి ట్రెయినింగు లేనివాడు పనికిరాడని అడ్డు చెబితే, చదవడానికి బయలుదేరాను. ఆ బడి హెడ్మాస్టరు మంచివాడే. పంపిస్తూ ఒక్కటే మాట అన్నాడు.

“ఐలయ్యా, జూన్ల సర్టిఫికెట్ పట్టుకొని రా. అప్పటిదాంక నీ కుర్చీల ఎవ్వల్ని కూసోపెట్ట. నువ్వు తప్పినవనుకో, మల్ల నా మీద కోపం జెయ్యొద్దు, ఇంకొకల్ని సూసుకుంట.”

ఆ కుర్చీకి ఒక కాలు వంకర. అయినా ఏడాది పొడుగునా నాకు కలలో అదే కనిపించేది.

కుర్చీకీ నాకూ మధ్య అడ్డంగా నిలబడినది ఫైనల్ లెసన్. ఏదో ఒక బళ్లో నలభై నిమిషాలు పాఠం చెప్పాలి. బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ వెనక బెంచీలో కూర్చుని చూసి మార్కులు వేస్తారు. అందులో తప్పితే మిగతా పేపర్లన్నీ బంగారంలా రాసినా లాభం లేదు, మళ్లీ వచ్చే ఏడే.

మాకు ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్పిన రాఘవాచారి సారు నియమాల మనిషి. ఆయన దగ్గర ఇంగ్లీషు వాక్యాలన్నీ రైలు పెట్టెల్లా వరుసగా ఉండేవి. ముందుది రాకుండా వెనకది రాకూడదు. పిల్లలకు ఇంకా నేర్పని మాట మాస్టరు నోట్లోంచి వస్తే ఆయన మొహం చూడలేకపోయేవాళ్లం. ఇక క్లాసులో తెలుగు మాట వచ్చిందా, మాటకు ఒక మార్కు కోత. దాహమేసి నీళ్లు అడగాలన్నా సైగే. ఒకసారి మా వాడొకడికి బల్ల సందులో వేలు నలిగితే ‘అమ్మా’ అన్నందుకు ఒక మార్కు పోయింది. ‘అమ్మా’ ఏ భాషలోనైనా ఒకటే కదా సార్ అని వాడు కళ్లనీళ్లతో వాదించాడు గాని సారు వినలేదు.

ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. మాట పనితో ముడిపడి ఉండాలి. పిల్లవాడు తలుపు దగ్గరికి నడుస్తూ ‘ఐ యామ్ గోయింగ్ టు ద డోర్’ అనాలి. నడవకుండా అంటే అది చిలక పలుకు. నేను దీన్ని పట్టుకున్న పట్టు చూసి సారే భయపడ్డారు. నాకిచ్చిన ఆరో తరగతిలో పది రోజులు ఇదే పని. డోర్ బొమ్మ పైకెత్తితే ఒకరు లేచి ఆ వాక్యం చెబుతూ తలుపు దగ్గరికి, విండో బొమ్మ ఎత్తితే కిటికీ దగ్గరికి. చివర ‘ఐ యామ్ గోయింగ్ టు మై ప్లేస్’ అంటూ మళ్లీ బెంచీకి. ఎవరు చెబితే వాళ్లే వెళ్లాలి. చెప్పి కదలకుండా నిలబడినవాళ్లను తరగతి మొత్తం చప్పట్లు కొట్టి ఎగతాళి చేసేది. పదో రోజుకు ఆ పిల్లలు అబద్ధమాడటం పూర్తిగా మరిచిపోయారు.

అందులో సారక్క అని ఒక పిల్ల ఉండేది. నాలుగడుగులు కూడా లేదు, తరగతి మొత్తం దాని చేతిలో ఉండేది. ఎవరైనా తెలుగులో గుసగుసలాడితే నాకంటే ముందు అదే వేలు చూపించి కళ్లెర్ర చేసేది. చివరి బెంచీలో గ్రేసమ్మ. వీళ్లది చర్చి వెనక ఇల్లు, మాట తక్కువ. ఒకరోజు బడి వదిలాక నా వెనకే వచ్చి, “సార్, పోకపోతే ఏమనాలె?” అని మెల్లగా అడిగింది.

నేను రాఘవాచారి సారు శిష్యుణ్ని కదా. గంభీరంగా గొంతు సవరించుకుని, అది వచ్చే నెల పాఠం, ఇప్పుడే చెప్పకూడదు, ఓపిక పట్టు అన్నాను. ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. ఇది గుర్తుంచుకోండి, అవసరం పడుతుంది.

అంతా బాగుందనుకుంటుండగా నా లెసన్‌కు తేదీ వచ్చింది. చూసి కుర్చీలో కూలబడ్డాను. ఆ ఏడు మేడారం జాతర ఉంది. మా పిల్లల వాడ మొత్తం ఎడ్లబండ్లు కట్టుకుని బయలుదేరేది సరిగ్గా ఆ పొద్దే. బండి మీద మూడు రోజుల దారి కాబట్టి ముందే బయలుదేరతారు. తరగతిలో కనీసం ముప్పై మంది లేకపోతే లెసన్ లెసనే కాదని సారు చేతులెత్తేశారు. తేదీ మార్చడం ఆయన చేతిలో లేదు.

ఇక ఇల్లిల్లూ తిరిగాను. ఒక్క పూట, ఒక్క పీరియడ్ పంపండి అని కాళ్లావేళ్లా పడ్డాను. ఎవరూ వినలేదు. చివరికి సారక్క వాళ్ల నాయన దారి చూపాడు. వాడకు ఆయనే పెద్ద, ముందు బండి ఆయనదే.

“జర ఫికర్ చెయ్యకుండ్రి సారూ. బండ్లన్నీ బడి గేటు కాన్నే ఆపుతం. మీ పాఠం అయినంక పోరగాండ్లు అటునుంచి అటే ఎక్కుతరు. గని ఎక్కువసేపు పెట్టొద్దు, ఎండెక్కుతది.”

ఆ క్షణంలో ఆయనకు దండం పెట్టబోయాను. పిల్లలకూ అదే మాట చెప్పాను. పాఠం కాగానే పరుగెత్తండి, నేనేమీ అనను అని. అక్కడితో ఆగి ఉంటే నేను బాగుపడేవాణ్ని. నా బుర్ర ఆగలేదు. పిల్లల బతుకులోంచే ఉదాహరణలు తీసుకోవాలి అని కూడా సారు చెప్పి ఉన్నారు కదా. డోరు, విండో ప్రతివాడూ చెబుతాడు, ఎక్స్‌టర్నల్ అదిరిపడేలా ఏదైనా చేయాలని, మేడారం అమ్మవార్ల గద్దెల బొమ్మ ఒకటి గీశాను. ఎర్రరంగు బాగా పులిమాను. దాన్ని తరగతిలో ఒక మూలన ఆనించి పెడతాను, ఒక పిల్లో పిల్లవాడో ‘ఐ యామ్ గోయింగ్ టు మేడారం’ అంటూ ఆ మూలకు నడుస్తారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. పిల్లలకు ముందుగా చెప్పలేదు, అప్పటికప్పుడు చూపిస్తే బాగుంటుందని.

ఆ పొద్దు వచ్చింది. ఎక్స్‌టర్నల్ లలితాబాయి మేడం హైదరాబాద్ నుంచి వచ్చారు. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో నల్ల అట్ట రికార్డు. నా ‘గుడ్ మార్నింగ్’కు తల ఇంతే, ఒక గింజ కదిలినంత కదిలించి వెనక బెంచీలో గ్రేసమ్మ పక్కన కూర్చున్నారు. రాఘవాచారి సారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. కిటికీలోంచి గేటు దగ్గర బండ్లు కనిపిస్తున్నాయి. ఎడ్ల మెడలో గంటలు, గంపల కింద కోళ్లు, బట్టలో మూటకట్టిన బెల్లం. పిల్లలందరూ కొత్తబట్టల్లో, నూనె తలలతో, చేతిసంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

మొదటి పాతిక నిమిషాలు నా పుట్టుక సార్థకమైందనిపించింది. డోర్ ఎత్తితే డోర్, విండో ఎత్తితే విండో. సారక్క బ్లాక్‌బోర్డు దగ్గరికి నడిచిన నడకకు మేడం పెన్ను తీసి ఏదో రాశారు. సారు గోడ దగ్గర నుంచే నాకు కళ్లతో శభాష్ అన్నారు. అప్పుడు నేను మేడారం బొమ్మ ఎత్తాను.

తరగతి ఒక్కసారి గాలి పీల్చుకుంది. నేను మూలవైపు చూపిద్దామనుకున్నాను. బొమ్మ మూలకు ఆనించాల్సింది చేతిలోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కంగారులో, ఒక్కరిని చూపించాల్సింది రెండు చేతులూ ఎత్తాను. రెండు చేతులూ ఎత్తితే అందరూ కలిసి అనాలని అర్థం.

“ఐ యామ్ గోయింగ్ టు మేడారం!” ముప్పై నాలుగు గొంతులు పైకప్పు లేచిపోయేలా అన్నాయి.

అన్నాయి, లేచాయి, సంచులు అందుకున్నాయి. చెప్పింది చేయాలి కదా. ఎవరూ తొక్కుకోలేదు, తోసుకోలేదు. నేను పది రోజులు నేర్పినట్టే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెబుతూ, ఒకరి వెనక ఒకరు, తలుపు దాటుతున్నారు. అంత క్రమశిక్షణ నేను ఏ బళ్లోనూ చూడలేదు.

ఆగండి అనాలి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. వెనక మేడం చేతిలో పెన్ను నిటారుగా ఉంది. ఒక్క తెలుగు మాటకు ఒక్క మార్కు. ఆ లెక్క బుర్రలో గిరగిరా తిరిగి, నోరు ఇంగ్లీషుకు మళ్లింది.

“స్టాప్! కం బ్యాక్!” అని అరిచాను.

పిల్లలు ప్రేమగా నా వైపు తిరిగారు. మాస్టరు కొత్తమాట అంటే అందరూ కలిసి తిరిగి అనాలని కూడా నేనే నేర్పాను. “స్టాప్! కం బ్యాక్!” అని ఒక్క గొంతుతో అన్నారు. అని, నడిచారు. ఆ మాటలకు అర్థం వాళ్లకు ఎవరు చెప్పారు గనక? వెళ్లడం నేర్పాను గాని రావడం ఇంకా నేర్పలేదు. అది వచ్చే వారం పాఠం.

గోడ దగ్గర రాఘవాచారి సారు మొహం పాలిపోయింది. పాపం తరగతి ఖాళీ అవుతున్నందుకని నేననుకున్నాను. ఆయన నా చెవి దగ్గరికి వచ్చి, “ఐలయ్యా, ‘కం’ ఇంకా నేర్పలే గదయ్యా” అన్నారు.

నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వాళ్లకు వచ్చిన వాక్యంతోనే వాళ్లను వెనక్కు తేవాలి. గబగబా తలుపు దాకా వెళ్లి, “ఐ యామ్ గోయింగ్ టు మై ప్లేస్!” అని గొంతు చించుకున్నాను. ఈసారి అందరూ టక్కున ఆగిపోయారు. నా ప్రాణం లేచి వచ్చింది. అయితే ఒక్కరూ వెనక్కు రారు. కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నారు. సారక్క చేయి చాపి నా బల్లవైపు చూపించింది. ఎవరు చెబితే వాళ్లే వెళ్లాలి. నేను కదలకపోయేసరికి నలుగురైదుగురు ఎగతాళి చప్పట్లు మొదలుపెట్టారు. చేసేది లేక తల వంచుకుని నా బల్ల దగ్గరికి నడిచి వెళ్లి నిలబడ్డాను. పిల్లలు సంతోషంగా తల ఊపి వరండా దిగిపోయారు.

అప్పటికి నాకు మార్కులూ లేవు, మేడమూ లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరుగెత్తాను. మొదటి బండి అప్పటికే కదులుతోంది. సారక్క బెల్లం మూట మీద కూర్చుని ఉంది.

“ఆగుండ్రి బిడ్డా! పాఠం కాలేదు! జర ఎనుకకు రాండ్రి!” అని బండి పక్కనే నడుస్తూ బతిమాలాను. వెనక్కు తిరిగి చూద్దును కదా, వరండాలో మేడం నిలబడి ఉన్నారు. రికార్డులో రాస్తున్నారు. పోయిన మార్కులు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి.

సారక్క వేలెత్తి కళ్లెర్ర చేసింది. ఒకసారి చుట్టూ చూసి, వంగి, నాకు మాత్రమే వినిపించేలా అంది.

“సారూ, ఇంగ్లీష్ పీరియడ్ల తెలుగు మాట్లాడొద్దని మీరే అంటిరి గదా. మార్కు పోతది.”

వాళ్ల నాయన మాత్రం ముందు నుంచి వెనక్కు తిరిగి, పాఠం బాగా తొందరగా కానిచ్చారని, సల్లగుండమని నన్ను దీవించి ఎడ్లను అదిలించాడు. బండ్లు దుమ్ములో కలిసిపోయాయి. ఆ దుమ్ములో మా హెడ్మాస్టరు నాకోసం ఉంచిన కుర్చీ కూడా వంకర కాలితో కుంటుకుంటూ పోతున్నట్టు నాకు కనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, గేటు పట్టుకుని ఏడ్చాను.

లోపలికి వచ్చేసరికి మేడం మళ్లీ తన చోట కూర్చుని ఉన్నారు. గడియారం చూసుకుని, ఇంకా పది నిమిషాలున్నాయి, కానివ్వండి అన్నారు. ఎవరికి చెప్పమంటారు అని అడగబోయి చూశాను. చివరి బెంచీలో, మేడం పక్కన, చేతులు కట్టుకుని గ్రేసమ్మ కూర్చుని ఉంది.

ఆ పిల్లను చూస్తే నాకు పోయిన ప్రాణంలో సగం తిరిగి వచ్చింది. ఒక్కతైనా మిగిలింది. మేడం మాత్రం గ్రేసమ్మ వైపు చూసి, నా వైపు చూసి, నిదానంగా తెలుగులో అన్నారు.

“వెళ్లినవాళ్లందరికీ మీ పాఠం అర్థమైంది. అర్థం కానిది ఈ అమ్మాయి ఒక్కదానికేనా?”

ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా మునిగేది నేనే. రాఘవాచారి సారు గోడలోకి దూరిపోయే ప్రయత్నంలో ఉన్నారు. నేను ఆ పాడు బొమ్మే మళ్లీ ఎత్తి, గ్రేసమ్మా, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు చూశాను.

గ్రేసమ్మ లేచి నిలబడింది. బొమ్మ చూసింది. తల అడ్డంగా ఊపింది.

“ఐ యామ్ నాట్ గోయింగ్ టు మేడారం” అంది, ఒక్కో మాటా విడివిడిగా.

నేను నిర్ఘాంతపోయాను. సారు నిర్ఘాంతపోయారు. ఆ ‘నాట్’ అనే మాట వచ్చే నెలది. నేను చెప్పనంటే ఈ పిల్ల ఇంటికి వెళ్లి అక్కనడిగి నేర్చుకుందని తర్వాత తెలిసింది. వీళ్లింట్లో జాతరకు పోరు. మిగతావాళ్లతో కలిసి ఆ వాక్యం అంటే అబద్ధమవుతుంది. అందుకని అందరూ అరుస్తుంటే పెదవి కదపకుండా, కాలు కదపకుండా కూర్చుంది. పది రోజులుగా మాటా పనీ ఒకటి కావాలని నేను అరిచిన అరుపులన్నీ ఈ పిల్ల నాకంటే బాగా విన్నది. అప్పుడు పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమరాలనిపించింది.

అంత తీరిక గ్రేసమ్మ ఇవ్వలేదు. పలకా పుస్తకం సంచిలో పెట్టుకుని, “ఐ యామ్ గోయింగ్ హోమ్” అంటూ, చెప్పినట్టే, తలుపు దాటి ఇంటికి వెళ్లిపోయింది.

ఇక తరగతిలో నలభై మందికి సరిపడా బెంచీలు, ముగ్గురు పెద్దవాళ్లం, ఒక మేడారం. లలితాబాయి మేడం రికార్డు మూశారు. చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు. నా ముందుకు వచ్చి నిలబడి, మొహంలో గీత కూడా కదలకుండా, పిల్లలు చెప్పే అదే రాగంలో, “ఐ యామ్ గోయింగ్ టు ద స్టాఫ్‌రూమ్” అన్నారు. అని, చెప్పినట్టే వెళ్లారు. తలుపు అవతలికి వెళ్లాక వరండాలో ఆమె పగలబడి నవ్విన నవ్వు నేను బతికినన్నాళ్లు మరిచిపోను. రాఘవాచారి సారు కూడా ఆమె వెనకే వెళ్లారు.

ఫలితాల దాకా అన్నం సయించలేదు. మేడం రాసిన కాగితాన్ని సారు తర్వాత నాకు చూపించారు. పిల్లలకు పాఠం అర్థం కావడం దగ్గర నూటికి నూరు. తరగతిని అదుపులో ఉంచడం దగ్గర గుండు సున్నా, పక్కన చిన్న అక్షరాల్లో, అదుపులో ఉంచడానికి తరగతి లేదు అని. తెలుగు మాటలకు కోత వేయలేదు. ఎందుకంటే అవి అన్నది గేటు బయట రోడ్డు మీద, బళ్లో కాదు. అటూ ఇటూ కలిపితే నేను ఒక్క మార్కుతో గట్టెక్కాను. జూన్‌లో వెళ్లి ఆ వంకర కాలు కుర్చీలో కూర్చున్నాను.

జాతర అయ్యాక సారక్క నాకోసం బెల్లం ప్రసాదం తెచ్చింది. రోజూ పీరియడ్ చివర అనే ‘థాంక్యూ, సిట్ డౌన్’ ఆ పొద్దు నేను అనలేదు కాబట్టి పీరియడ్ అయిపోలేదనుకుని, ములుగు దాటేదాకా పిల్లలనెవ్వరినీ తెలుగు మాట్లాడనివ్వలేదట. పెద్దవాళ్లు భయపడి దిష్టి తీశారట.

తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. చివరి పదేళ్లు నేనే రాఘవాచారి సారు కుర్చీలో కూర్చుని కాబోయే మాస్టర్లకు పాఠం చెప్పడం నేర్పాను. కాబట్టి, చేతిలో చాక్‌పీసు పట్టుకుని, సకల ఇంగ్లీషు మాస్టర్ల సాక్షిగా ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. రావడం నేర్పకుండా వెళ్లడం నేర్పను. బండ్లు గేటు ముందు ఉండగా మేడారం పేరెత్తను. ‘పోకపోతే ఏమనాలె’ అని ఏ పిల్ల అడిగినా, అది వచ్చే నెల పాఠమని చచ్చినా అనను.

ఇక సెలవు. ఐ యామ్ గోయింగ్ టు మై ప్లేస్.